మొదట వినిపించిందే షడ్జమం

సన్నీవేల్,
ఏప్రిల్ 2008

అక్కా,

ఫోన్‌లో చెప్పే దానికి ఉత్తరం ఎందుకని బావగారు నవ్వుతారు, నాకు తెలుసు. ఫోన్‌లో నేను గంటసేపు మాట్లాడతాను, నువ్వు 'ఊఁ' అంటావు. అది ఒప్పుకున్న ఊఁయో, ఊరుకున్న ఊఁయో తేలక నేను చస్తాను. కాగితం మీద ఊఁ ఒక్కటే రాసి స్టాంపు అంటించలేవు కదా. అందుకని రాస్తున్నాను.

కాలేజీలో సీటు వచ్చింది. పిల్ల హైస్కూలుకి వెళ్లబోయే వయసులో తల్లి కాలేజీకి! పిల్లలకి పాట నేర్పే టీచరుగా పనిచేయడానికి కావలసిన డిగ్రీ అది. సాయి ప్రియ చిన్నప్పుడు చదివిన స్కూలుకి మంగళవారాలు నేను వాలంటీర్‌గా వెళ్తున్నాను కదా, అక్కడి మ్యూజిక్ టీచరు మిసెస్ డోర్సీ మూడేళ్లలో రిటైరవుతోంది. "ఈలోపల డిగ్రీ తెచ్చుకో రేణూ, నా కుర్చీకి నీ పేరే చెబుతాను" అంది. ప్రిన్సిపల్ కూడా తల ఊపాడు. ఆ గది నాకు కావాలక్కా. కిటికీ కింద వరసగా డప్పులు, గోడకి పిల్లలు వేసిన బొమ్మలు. ఇంతగా నేను దేనికీ ఆశపడలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మూడేళ్లలో పూర్తి కావాలంటే మొదటి ఏడాది మ్యూజిక్ థియరీ కోర్సు తప్పించుకోవాలి. అది అందరూ తప్పనిసరిగా చదవాల్సిందే. కాకపోతే సంగీతం ముందే వచ్చినవాళ్లకి ఆగస్టులో ఒక పరీక్ష పెడతారు. పాసైతే నేరుగా రెండో ఏడాది క్లాసులో కూర్చోవచ్చు. లేకపోతే మొదటి నుంచీ చదవాలి, మొత్తం నాలుగేళ్లు పడుతుంది. అప్పటికి మిసెస్ డోర్సీ కుర్చీలో ఇంకెవరో ఉంటారు.

సీటు ఇచ్చేముందు నా పాట విన్న ప్రొఫెసర్ లిండ్ అనే ఆవిడ, "ఇంత పాడేదానివి, నీకు మొదటి క్లాసెందుకు?" అంది. మీ మరిది మోహన్ సంగతి నీకు తెలిసిందే. "ఎగ్జామ్ క్లియర్ చేస్తే వన్ ఇయర్ సేవ్. ఇందులో థింక్ చేయడానికి ఏముంది?" అంటాడు. నాకేమో ఐదు గీతల మీద చుక్కలు చదవడమే రాదు. నువ్వు నేర్పిందంతా చెవితోనే కదా.

పరీక్ష రాయనా? క్లాసులో కూర్చోనా? దేవుడి ముందు రెండు చీటీలు వేసి ఏది వచ్చిందో చెప్పు. నీ చేత్తో వేస్తే నాకు నమ్మకం.

నీ రేణు

*

శ్రీరామ

క్యారీ,
ఏప్రిల్ 2008

చి. రేణుకి,

ఉత్తరం అందింది. సంతోషం. సాయంత్రం దీపం దగ్గర నీ పేరు చెప్పుకున్నాను.

చీటీలు వేయను. దేవుణ్ణి నీ సిలబస్‌లోకి లాగకు.

పరీక్షలో ఏమడుగుతారు? ఎలా అడుగుతారు? అది చెప్పకుండా రాయనా మాననా అంటే నేనేం చెప్పను?

మీ బావగారి మాట ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "మరదలు కాలేజీకి, నేను మోకాళ్ల డాక్టరు దగ్గరికి. ఎవరి సెమిస్టరు వాళ్లది."

ఆశీస్సులతో,
అక్క

*

సన్నీవేల్,
మే 2008

అక్కా,

పరీక్ష ఎలా ఉంటుందో అడిగావు. అడగకపోయినా బాగుండేది.

ప్రొఫెసర్ లిండ్ పాత పేపరొకటి తీసి, తన గదిలోనే కూర్చోబెట్టి రాయించింది. సగం చదవడం, సగం వినడం. చదవడం నాకు రాదని ముందే చెప్పాను. అందులో సున్నా వస్తే ఆవిడా నవ్వింది, నేనూ నవ్వాను. వినడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొంగు దోపుకుని కూర్చున్నాను. ముందు పియానో మీద నాలుగు మెట్లు కలిపి ఒకేసారి నొక్కుతుంది. తర్వాత చిన్న పాట ముక్క వాయిస్తుంది. విన్న స్వరాలు రాయాలి. ఇదీ ఒక పరీక్షేనా అనుకున్నాను. నువ్వు వంటింట్లో కూర తరుగుతూ రాగం తీస్తుంటే హాల్లో కూర్చుని స్వరాలు చెప్పినదాన్ని కదా! టకటకా రాసి ఇచ్చేశాను.

ఆవిడ దిద్దింది. ఒక్కటీ ఒప్పు లేదు.

ఆవిడకే నమ్మకం కలగలేదు. మళ్లీ చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని ఇంకోసారి చూసింది. "వింతగా ఉంది రేణూ. అన్నీ తప్పులే. కానీ అన్నీ ఒకే దూరంలో తప్పులు" అంది. పాట ఆకారం ఆకారంగానే ఉందట. మొత్తం ఇల్లు సామానుతో సహా పక్క వీధికి జరిపినట్టు రాశానట.

"స ఎక్కడ పెట్టుకున్నావు?" అని అడిగింది. మన స ని వాళ్లు డో అంటారు.

"మొదట వినిపించిన స్వరం మీద."

"మరి దానికంటే ముందు నేను మెట్లు కలిపి నొక్కాను కదా?"

"మొదలుపెడుతున్నామని గంట కొట్టారనుకున్నాను."

పాపం, ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ కలిపి నొక్కడమే స ఎక్కడుందో చెప్పడమట. పాట ఎక్కడ మొదలైనా సరే, స మాత్రం అక్కడే ఉంటుందట. ఆవిడ ప ద ని స వాయిస్తే నేను స రి గ మ అని రాసి వచ్చాను.

ఇంటికొచ్చి చెబితే సాయి ప్రియ క్లారినెట్ పక్కన పెట్టి మరీ పాఠం చెప్పింది. "అమ్మా, నువ్వు స అనుకున్న ఆ మొదటి స్వరం పేరు జి. జి అంటే ఎప్పుడూ జి యే. నువ్వు ఇష్టం వచ్చినప్పుడల్లా స అని పిలిస్తే అది కన్‌ఫ్యూజ్ అవుతుంది."

"అది కాదే, నేనవుతున్నాను" అన్నాను.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నా చెవి తప్పా అక్కా? లేకపోతే... ఆపైన రాయలేను. నువ్వే అర్థం చేసుకో.

రేణు

*

శ్రీరామ

క్యారీ,
మే 2008

చి. రేణుకి,

అర్థమయింది. రాయలేకపోయిన మాటే ముందు చదివాను.

నీ చెవి తప్పు కాదు. మొదట వినిపించిందే షడ్జమం, దాన్ని గట్టిగా పట్టుకో అని నీకు చెప్పింది నేను. నాకూ అలాగే చెప్పారు. శ్రుతిపెట్టె ఎక్కడ పలికితే అక్కడే మన స. ఎవరి గొంతుకి తగిన స వాళ్లది. ఇంకెక్కడో స ఉంటుందని, మనం నోరు తెరవకముందే దాన్ని ఎవరో నిర్ణయించేస్తారని ఇన్నేళ్లూ నాకు తోచలేదు.

శనివారం మా ఇంట్లో పిల్లలకి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. "ఆంటీ, ఆర్ యూ ఓకే?" అంది ఒక పిల్ల. శ్రుతిపెట్టె కేసి చూస్తూ ఉండిపోయానట.

పరీక్ష విషయం ఇప్పుడు చెప్పలేను. చెప్పడానికి నాకు తెలిసింది చాలదు.

ఇకనుంచి బుధవారం సాయంత్రాలు ఫోన్ చేయకు. ఇంట్లో ఉండను.

అక్క

*

సన్నీవేల్,
జూన్ 2008

అక్కా,

బుధవారం సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నావు? ఉత్తరం చివర ఆ ఒక్క వాక్యం అతికించి వదిలేస్తే ఎలా?

ఇక్కడ పని సాగుతోంది. కీబోర్డు కొన్నాం. సి మెట్టు మీద, అంటే పాత పేపర్లలో స ఉండే చోట, సాయి ప్రియ కుంకుమ బొట్టు పెట్టింది. "నీకు మర్చిపోకుండా" అంటుంది. పొద్దున్నే లేచి ఆ ఒక్క స్వరాన్నే చెవిలో నింపుకుంటాను. గిన్నెలు తోముతూ, కారు నడుపుతూ అదే. చుక్కలు చదవడం కూడా పట్టుబడుతోంది. మొన్న ప్రొఫెసర్ లిండ్ ఇంకో పాత పేపరు ఇచ్చింది. ఈసారి పాసయ్యాను! "ఇలాగే ఉంటే ఆగస్టులో నీకు ఇబ్బంది లేదు" అంది. మోహన్ ఆఫీసులో అందరికీ చెప్పేశాడు.

సంతోషించాలి కదా. విను మరి.

కిందటి శుక్రవారం ఉమెన్స్ గ్రూప్ వాళ్లు మా ఇంట్లో పూజ పెట్టుకున్నారు. హారతి ముందు నన్ను పాడమన్నారు. నువ్వు నేర్పిన కల్యాణి కీర్తనే ఎత్తుకున్నాను. శ్రుతిపెట్టె నా గొంతుకి తగ్గట్టే ఉంది. అయినా లోపల ఎక్కడో ఆ బొట్టు పెట్టిన మెట్టు మోగుతూనే ఉంది. రెండు స ల మధ్య నిలబడ్డాను. గాంధారం మీదికి వెళ్లేసరికి అది గమకంతో ఊగాలి కదా, ఊగలేదు. మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. ఎలాగో చరణం దాకా లాగి ముగించాను. హారతి అయ్యాక అందరూ ప్రసాదం తీసుకున్నారు. వాళ్లు వెళ్లాక మోహన్ అన్నాడు: "ఏంటోయ్, ఇవాళ పాట ఉప్పు లేని పప్పులా ఉంది?" సంగీతం తెలియని మోహన్!

అక్కడ పాసవుతున్నకొద్దీ ఇక్కడ తప్పుతున్నాను. పరీక్షకని ఇంత హడావిడిగా మింగుతున్నందుకే ఇలా అవుతోందా? క్లాసులో నెమ్మదిగా కూర్చుంటే రెండూ నిలుస్తాయా? లేక ఎలా వెళ్లినా ఇంతేనా? నాకేమీ తెలియడం లేదు. ఈసారైనా ఒక మాట చెప్పు.

ఆరోగ్యం బాగానే ఉందా నీకు?

రేణు

*

శ్రీరామ

క్యారీ,
జూన్ 2008

చి. రేణుకి,

ఆరోగ్యం బాగుంది.

కల్యాణి గాంధారం గురించి రాసింది చదివి దేవుడి గదిలో చాలాసేపు కూర్చున్నాను. పాడి చూసుకున్నాను. నాది ఊగింది. ఆ వెంటనే, అది ఊగుతోందని గమనిస్తూ పాడానని తెలిసింది. ఇంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. దాంతో నాకూ మనసు చెదిరింది.

కొంచెం ఆగు. బుధవారాల సంగతి తర్వాత చెబుతాను.

అక్క

*

సన్నీవేల్,
జూలై 2008

అక్కా,

ఇది న్యాయం కాదు. నా పాట పోతున్న సంగతి నేను దాచకుండా రాస్తే, నువ్వు బుధవారాల సంగతి దాచి 'ఆరోగ్యం బాగుంది' అని రెండే మాటలు రాస్తావా?

బావగారికి ఫోన్ చేశాను. బుధవారం సాయంత్రమే చేశాను, కావాలనే. "మీ అక్క లేదమ్మా" అన్నారు. ఎక్కడికెళ్లిందంటే గొంతు సవరించుకున్నారు. "నన్నడక్కు. నాకు ఆర్డర్స్ ఉన్నాయి."

"హాస్పిటలా బావగారూ?"

"ఛఛ."

"మరి?"

"కారులో నేనే దింపి వస్తాను. ఇంతకుమించి చెబితే నాకు రాత్రికి భోజనం ఉండదు."

ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వారం వారం ఎక్కడో దింపి వచ్చే చోటు, చెల్లెలికి చెప్పకూడని చోటు ఏముంటుంది? మోహన్ ఇన్సూరెన్స్ సంగతి కూడా మాట్లాడేశాడు. నేను వచ్చేవారం టికెట్ బుక్ చేసుకుని వచ్చేస్తాను. పరీక్షా లేదు, గిరీక్షా లేదు.

రేణు

*

శ్రీరామ

క్యారీ,
జూలై 2008

చి. రేణుకి,

టికెట్ కొనకు. నాకే జబ్బూ లేదు. నిన్ను భయపెట్టినందుకు నొచ్చుకుంటున్నాను. చెబుతాను.

మా పక్కింటి లోరెయిన్ నీకు తెలుసు కదా, పోయినసారి నీకు పీచ్ పళ్లు ఇచ్చింది. వాళ్ల చర్చిలో బుధవారం సాయంత్రాలు గాయక బృందం సాధన చేస్తుంది. పాడడానికి ఎవరైనా రావచ్చునని ఎప్పుడో అన్నది. నీ మే నెల ఉత్తరం చదివిన రోజే నేను వెళ్లి ఆవిడ తలుపు తట్టాను.

నిన్ను పరీక్ష రాయమనాలన్నా, వద్దనాలన్నా అక్కడ ఏమి నేర్పుతారో నాకు తెలియాలి కదా. తెలియని దాని మీద ఊఁ అనడం కూడా అబద్ధమే. అందుకని వెళ్లాను. నీకు చెబితే 'అక్కే వెళ్లింది' అని నువ్వు అటు మొగ్గుతావేమోనని చెప్పలేదు.

"ఏమిటోయ్, మతం మార్చేస్తారేమో చూసుకో" అన్నారు మీ బావ. "ముందు నా స్వరం మార్చనివ్వండి, తర్వాత చూద్దాం" అన్నాను.

చర్చి వెనక ఒక హాలు. ఇనుప కుర్చీలు. నన్ను ఆడవాళ్లలో కింది గొంతువాళ్ల మధ్య నిలబెట్టారు. చేతికి ఐదు గీతల పుస్తకం ఇచ్చారు. నాకు అందులో గీతల మీది చుక్కలు దండెం మీద పిచ్చుకల్లా కనిపించాయి. పాడడం మొదలుపెట్టగానే చేతులు ఊపే పెద్దమనిషి ఆపాడు. ఎవరో జారుతున్నారన్నాడు. మళ్లీ పాడించాడు. మళ్లీ ఆపాడు. మూడోసారికి అందరూ మర్యాదగా పుస్తకాల్లోకి చూస్తున్నారు. జారుతున్నది నేనని నాకప్పుడు తెలిసింది. ఆయన మంచివాడు. "ఉమా, అందంగా ఉంది. కానీ ఒక్కచోట నిలబడండి" అన్నాడు. నిలబెట్టాను. పెళ్లిపీటల మీద కదలొద్దని కూర్చోబెట్టిన చంటిపిల్లలా ఉంది నా స్వరం.

అంతకంటే కష్టం ఇంకొకటి ఉంది. పక్కన పైగొంతువాళ్లు ఒక వరస పాడుతుంటారు. వెనక మగవాళ్లు వేరొకటి. మేము ఇంకొకటి. అన్నీ ఒకేసారి. ఎవరి వెంట నడవాలి? పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క శ్రుతినే విన్నాను. నా పాట, నా శ్రుతి, ఎదురుగా దేవుడు. ఇక్కడ చుట్టూ ఇంతమంది. మొదట ఎవరి గొంతు వినిపిస్తే దాన్నే స అనుకుని పట్టుకున్నాను. అంటే నువ్వు చేసిన తప్పే. అప్పుడు నవ్వొచ్చింది రేణూ. నలుగురిలో, పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాను.

సాధన చివర వాళ్లు ప్రార్థన చేస్తారు. నేను కళ్లు మూసుకుని మన స్వామికే దండం పెట్టుకున్నాను. ఆయన అంత దూరం వచ్చాడనే అనుకుంటున్నాను.

వెళ్తే నీకు ఏది మంచిదో తెలుస్తుందనుకున్నాను. తెలియలేదు. వెళ్లకముందు నీకొక్కదానికే గందరగోళం. ఇప్పుడు ఇద్దరికీ.

అక్క

*

శ్రీరామ

క్యారీ,
ఆగస్టు 2008

చి. రేణుకి,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. పరీక్ష దగ్గరకొచ్చింది కదా.

రాయి. పరీక్ష రాసెయ్.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేకపోయానో నాకు నేను తేల్చుకున్నాను. నీ పాట పోతుందేమోనని భయపడింది నువ్వు కాదు, నేను. నా చేత్తో నేర్పినది నీ గొంతులో మారిపోతే నేను ఓర్చుకోలేను. ఆ భయాన్ని ఆలోచన అనుకున్నాను. ప్రార్థనలో కూడా అదే అడిగాను కాబోలు, అందుకే సమాధానం రాలేదు.

నీకు ఆ బడి కావాలి. ఆ గది కావాలి. ఏడాది పోతే అది పోతుంది. గాంధారం పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. నేనింకా ఉన్నాను కదా, ఫోన్‌లో పాడించుకుంటాను.

సందేహించకు. వెళ్లి రాయి. పొద్దున దీపం పెట్టి కూర్చుంటాను.

అక్క

*

సన్నీవేల్,
ఆగస్టు 2008

అక్కా,

ఇవాళ పరీక్ష. వెళ్లాను. వచ్చేశాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆపైన తిడతావో దీవిస్తావో నీ ఇష్టం.

గదిలో ఏడెనిమిది మందిమి. నేను తప్ప అందరూ సాయి ప్రియకి అన్నలూ అక్కలూ అనిపించే వయసువాళ్లు. ఒకమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది, పరీక్ష పెట్టే మనిషిననుకుని. చదివే భాగం అయింది. బాగానే రాశాను. తర్వాత వినడం.

ప్రొఫెసర్ లిండ్ మెట్లు కలిపి నొక్కింది. సరే, స అక్కడుంది, తెలిసింది. పాట మొదలైంది. మొదటి స్వరం ప. రాశాను. రెండో ప్రశ్న కూడా రాశాను. మూడో దాంట్లో మొదటి స్వరం మోగగానే అది నాకు స గా వినిపించింది. ఆ మరుక్షణమే ప గానూ వినిపించింది. ఒకదాని తర్వాత ఒకటి కాదక్కా, రెండూ కలిసే. ఒకే మనిషిని ఇటునుంచి ఒకరు అక్కా అని, అటునుంచి ఒకరు వదినా అని పిలిచినట్టు. ఏది రాయాలో నాకు తెలుసు. ప అని రాస్తే మార్కు. పెన్సిలు కదల్లేదు.

లేచి వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను. ఆవిడ నా కాగితం చూసి గుసగుసగా, "ఇంతవరకూ అన్నీ ఒప్పులే. రాయి, పాసవుతావు" అంది.

"ఒప్పులని తెలుసు. ఎందుకు ఒప్పులో తెలియదు" అన్నాను. "రేపు నా ముందు కూర్చున్న పిల్ల 'అది ప ఎందుకయింది, స ఎందుకు కాలేదు' అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మెట్టు మీద బొట్టు పెట్టుకో అని చెప్పాలా?"

ఆవిడకి బొట్టు సంగతి తెలియదు. అయినా నవ్వలేదు. "అది చెప్పడానికి నాకు ఒక ఏడాది పడుతుంది" అంది.

కాగితం అక్కడే పెట్టేసి, కింది అంతస్తుకి వెళ్లి మొదటి ఏడాది క్లాసులో పేరు రాయించుకున్నాను. సరిగ్గా చేశానో లేదో తెలియదు. నేరుగా మిసెస్ డోర్సీ ఇంటికి వెళ్లి చెప్పాను. "ఇంకో ఏడాది నేను లాగలేను రేణూ. నా మోకాళ్లు ఒప్పుకోవు" అంది. నేనేమీ అడగలేదు, ఆవిడే చెప్పింది. ప్రిన్సిపల్‌ది కూడా అదే మాట. రిటైరయిన సంవత్సరమే ఉద్యోగం ప్రకటించాలి, ఖాళీగా ఉంచడానికి వీల్లేదట. ఆ గది వెళ్లిపోయిందక్కా.

మోహన్ తల పట్టుకున్నాడు. "ఎగ్జామ్ హాల్ దాకా వెళ్లి, సగం రాసి, పాసవుతావని వాళ్లే చెప్పాక లేచి వచ్చేశావా! ఇది ఏ దేశపు లాజిక్?" అన్నాడు. నిజమే, నేనూ అదే అడుగుతున్నాను నన్ను. కాసేపయ్యాక తనే టీ పెట్టి తెచ్చి పక్కన కూర్చున్నాడు.

నీ చర్చి ఉత్తరం పర్సులోనే ఉంది. చుట్టూ ఇంతమంది అని రాశావే, పరీక్ష గదిలో అందరూ ఉన్నా ఎవరి గొంతూ లేదు.

రేణు

*

సన్నీవేల్,
ఆగస్టు 2008

అక్కా,

నీ 'రాయి' ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నా ఉత్తరం నీ వైపు, నీది నా వైపు. ఏ ఎడారి మీదో రెండూ ఎదురుపడి పలకరించుకుని ఉంటాయి.

పుట్టాక ఒక్కసారి ఒక్క సలహా గట్టిగా చెప్పావు. అదీ నేను లేచి వచ్చేశాక!

ముందే అంది ఉంటే రాసేదాన్నా? నువ్వంటే రాసేదాన్నే. పాసయ్యేదాన్ని. ఆ గది వచ్చేది. ఆలస్యంగా రావడమే మంచిదయిందా అంటే అదీ చెప్పలేను. అటూ ఇటూ చెప్పలేక ఉత్తరాన్ని దేవుడి దగ్గర పెట్టాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

నీ భయం గురించి రాశావు. దాన్ని మాత్రం రెండుసార్లు చదివాను. ఏమీ అననులే.

రేణు

*

శ్రీరామ

క్యారీ,
అక్టోబరు 2008

చి. రేణుకి,

నువ్వు చేసింది మంచిదో కాదో నాకూ తెలియదు. ఆ గది పోయినందుకు మాత్రం బాధగా ఉంది. దీపం దగ్గర ఆ మాటే చెప్పుకున్నాను, వేరే మాటలేవీ చేర్చలేదు.

నీ క్లాసు ఎలా ఉందో వివరంగా రాశావు. వెనక వరసలో కూర్చున్నావని సాయి ప్రియ చెప్పింది. ముందు వరసకి వచ్చి కూర్చో.

నేను బుధవారాలు మానలేదు. నీకోసం వెళ్లే పని అయిపోయింది. అయినా బుధవారం వస్తే మీ బావగారు తాళం చెవులు తీసుకుని నిలబడుతున్నారు.

నీకొక సందేహం రాస్తున్నాను. చేతులు ఊపే ఆయన్ని అడగడానికి మొహమాటంగా ఉంది. ఇప్పుడు కొత్త పాట నేర్పుతున్నారు. అందులో ఒకచోట మా వరసకి ఒక్కటే స్వరం. చాలాసేపు దాని మీదే నిలబడాలి. ఇప్పుడు నిలబడగలుగుతున్నాను, జారడం లేదు. కానీ నేను అలా నిలబడి ఉండగా వెనక మగవాళ్లు కింది స్వరం మారుస్తారు. వాళ్లు మార్చగానే నాది మారిపోయినట్టు వినిపిస్తుంది. గొంతు కదపలేదు, ఒట్టు. పక్కన లోరెయిన్‌ని అడిగాను. నువ్వు కదల్లేదు అంటుంది. మరి నాకెందుకు వేరే స్వరంలా వినిపిస్తోంది? అలా వినిపించినప్పుడల్లా కంగారుపడి నిజంగానే జారిపోతున్నాను.

నేను ఎక్కడ తప్పుతున్నాను? మీ ప్రొఫెసరుగారిని అడిగి చెప్పు. నా పేరు చెప్పకు, ఎవరో అడిగారను.

అక్క

*

సన్నీవేల్,
అక్టోబరు 2008

అక్కా,

ప్రొఫెసర్‌ని అడగలేదు. అడగక్కర్లేదు. ఇది నాకు తెలుసు.

నీ ఉత్తరం చదివి కీబోర్డు దగ్గర కూర్చున్నాను. నీ స్వరాన్ని ఒక వేలితో నొక్కి పట్టుకున్నాను. ఎడమ చేత్తో మగవాళ్ల స్వరాలు మార్చి చూశాను. సాయి ప్రియ వచ్చి, "ఏం చేస్తున్నావమ్మా, ఒకటే నొక్కుతున్నావ్?" అంది. "పెద్దమ్మ పాడుతోంది, ఉండు" అన్నాను.

నువ్వు తప్పడం లేదు. నీ చెవి సరిగ్గానే వింటోంది. కింద వాళ్లు ఒక స్వరం మీద ఉన్నప్పుడు దానికి నువ్వు ప అవుతావు. వాళ్లు లేచి నీ స్వరం మీదికే వచ్చారనుకో, నువ్వు అదే గొంతుతో, అక్కడే నిలబడి, స అయిపోతావు. ఇంకోచోటికి వెళ్తే గ అవుతావు. నీలో ఏమీ మారలేదు. నీ చుట్టూ మారింది. నాకు ఆ రోజు పరీక్షలో వినిపించింది ఇదే. అప్పుడు పేరు తెలియదు.

ఇది నీకు బయటికి చదువుకుంటూ రాస్తున్నానక్కా.

మిగతావన్నీ ఇంకా చిక్కుముడిగానే ఉన్నాయి. ఇదొక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఈ బుధవారం వాళ్లు కదిలినప్పుడు నువ్వు కదలకు. అక్కడే ఉండు.

రేణు